నెక్ లావుగా ఉందంటే ఏది లావు?

(చర్చి క్వయర్లలో, ఆర్కెస్ట్రాల్లో, జానపద పాటల రికార్డింగుల్లో వాయించేవాళ్ల కోసం నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సమావేశంలో ఒక బేస్ గిటార్ వాద్యకారుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా కాస్త కుదించి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పొద్దున చర్చిలో వాయించి, మధ్యాహ్నం కునుకు కూడా తీయకుండా ఇటు వచ్చినవాళ్లు చాలామందే కనబడుతున్నారు. మిర్యాలగూడ వాళ్లున్నారు, దేవరకొండ వాళ్లున్నారు. మహబూబ్‌నగర్ తమ్ముళ్లు వెనకాల గోడకు ఆనుకొని నిలబడ్డారు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

బేస్ గిటార్ గురించి మాట్లాడమన్నారు. అదంతా ఒక్క పూటలో అయ్యే పని కాదు. అందుకని ఒక్క నెక్, అంటే ఎడమచెయ్యి పట్టుకునే ఆ పొడవాటి మెడ, దాని గురించే మాట్లాడతా. పికప్పులు, ఆంప్లిఫయర్లు, పెడల్స్ జోలికి ఇవాళ పోను.

నా దగ్గరికి సెట్టింగ్ కోసం బేస్ తెచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. "అన్నా, నెక్ లావుగా ఉంది, చెయ్యి గుంజుతుంది. ఇది అమ్మేసి సన్న నెక్ ఉన్నది కొంటా, ఏది మంచిదో చెప్పు" అంటారు. ఏది కొనాలో చెప్పే ముందు నేను ఒకటడుగుతా. నొప్పి ఎక్కడ పుడుతుంది? బొటనవేలి మొదట్లోనా, మణికట్టు లోపలి వైపా, చిటికెనవేలు చాచినప్పుడా, భుజంలోనా? చాలామంది కాసేపు ఆలోచిస్తారు. అప్పటిదాకా దాన్ని అలా విడదీసి చూసుకుని ఉండరు. చెయ్యి చేసే ఫిర్యాదు ఒక్కటే, 'లావు' అని. దాని వెనకున్న కారణాలు మాత్రం వేరు వేరు. అందులో నిజంగా మందం వల్ల వచ్చేవి నేను చూసినంతలో తక్కువ. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

మొదట వెడల్పునీ మందాన్నీ విడదీద్దాం. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే సగం గందరగోళం.

అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ ప్రెసిషన్ అనే బేస్‌ను 1951లో తెచ్చాడు. అప్పటిదాకా బ్యాండుల్లో బేస్ అంటే ఎక్కువగా నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్. దానికి ఫ్రెట్లు, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు, ఉండవు, స్వరం ఎక్కడుందో వేలికే తెలియాలి. ఫెండర్ ఫ్రెట్లు పెట్టి, గిటార్‌లా మెడలో వేసుకునేట్టు చేశాడు. ఆ తొలి ప్రెసిషన్‌కు నట్ వెడల్పు ఒకటీ ముప్పావు అంగుళం, అంటే 44 మిల్లీమీటర్ల పైనే. నట్ అంటే ట్యూనింగ్ కీలుండే హెడ్ దగ్గర తీగలు గాళ్లలో కూర్చునే ఆ చిన్న పట్టీ. తర్వాత 1960లో అదే కంపెనీ జాజ్ బేస్ తెచ్చింది. దాని నట్ ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే ప్రెసిషన్లలో చాలావాటికి 41, 42 మధ్య ఉంటుంది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే కూడా ఆ 41 దగ్గరే.

మనోళ్లు "జాజ్ నెక్ సన్నం, పీ నెక్ లావు" అంటారు కదా (పీ అంటే ప్రెసిషన్), ఆ మాట పుట్టింది ఈ వెడల్పు దగ్గర. రెండింటి మధ్య తేడా నట్ దగ్గర మూడు మిల్లీమీటర్లు, పాతవాటిలో ఆరు. కానీ బాడీ మీద తీగలు ఆనుకునే బ్రిడ్జి దగ్గర రెండింటిలోనూ తీగల మధ్య దూరం దాదాపు ఒకటే, 19 మిల్లీమీటర్ల చుట్టూ. అంటే కిందికి పోయేకొద్దీ ఆ తేడా కరిగిపోతుంది. పన్నెండో ఫ్రెట్ దాటాక కళ్లు మూసుకుని పట్టుకుంటే ఏది జాజో ఏది ప్రెసిషనో వెడల్పును బట్టి చెప్పడం కష్టం. మనం వాయించేదంతా మొదటి అయిదు ఫ్రెట్లలోనే కాబట్టి ఆ మూడు మిల్లీమీటర్లు పెద్దగా కనిపిస్తాయి. ఇక మందానికొస్తే, జాజ్ నెక్ తప్పకుండా ప్రెసిషన్ కన్నా పలచగా ఉండాలన్న రూలేమీ లేదు. వెడల్పు తక్కువై, వెనక బాగా కండపట్టి ఉన్న జాజ్ నెక్‌లు నేను పట్టుకున్నా.

ఇంకో తికమక ఉంది. అరవైల్లో ఫెండర్ వాళ్లు నెక్ మొదట్లో, అంటే బాడీలో దిగే చోట, ఒక అక్షరం ముద్ర వేసేవాళ్లు. ఏ అంటే ఒకటిన్నర అంగుళం, బీ అంటే ఒకటీ అయిదు బై ఎనిమిది, సీ అంటే ఒకటీ ముప్పావు. అది నట్ వెడల్పు. ఇప్పుడు కేటలాగుల్లో రాసే 'సీ షేప్' అనేది వెనక వంపు ఆకారం. ఆ సీకీ ఈ సీకీ ఏ సంబంధమూ లేదు. పాత బేస్‌ల గురించి వీడియోలు చూసి "సీ నెక్ కావాలి" అని వచ్చేవాళ్లకు ఇదే చెబుతుంటా.

ఇక మందం. ఇక్కడ బల్ల మీద రెండు బేస్‌లున్నాయి. ఎడమ వైపుది ఐబనీజ్ ఎస్ఆర్ రకం. 1987లో మొదలైన వరస ఇది, పలచటి నెక్‌కే పేరు పడింది. కంపెనీ లెక్క ప్రకారం నాలుగు తీగల ఎస్ఆర్ నెక్ నట్ దగ్గర 38 వెడల్పు, మొదటి ఫ్రెట్ దగ్గర 19.5 మందం, పన్నెండో ఫ్రెట్ దగ్గర 21.5. కుడి వైపుది ప్రెసిషన్ రకం. మందం కొలిచే కాలిపర్స్ పెట్టి చూస్తే దీనికి మొదటి ఫ్రెట్ దగ్గర 21 చిల్లర, పన్నెండో ఫ్రెట్ దగ్గర 23 చిల్లర. అంటే తేడా రెండు మిల్లీమీటర్లు. ఇంతే. అటు ఇటు పంపిస్తా, ఒక్కొక్కరూ పట్టుకుని చూడండి. "రెండు మిల్లీమీటర్లేనా?" అని అనుమానం వస్తుంది, నాకు తెలుసు. చేతికి ఆ తేడా అంతకన్నా చాలా ఎక్కువగా తగులుతుంది. దానికి కారణం ఆకారం.

ఈ గ్రాఫ్ పేపర్ చూడండి. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే సోల్డరింగ్ తీగ ఉంటుంది కదా, లావుది, మెత్తగా వంగేది. దాన్ని నెక్ వెనక వంపుకు ఆనించి నొక్కి, ఆ ఆకారం చెదరకుండా తీసి, కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీశా. మూడు నెక్‌లు, మూడు గీతలు. ఈ రెండు గీతలు ఎంత లోతున్నాయో గళ్లు లెక్కపెట్టండి. సమానం. అంటే మధ్యలో మందం ఒకటే. కానీ ఒకదానికి పక్కల భుజాలు నిండుగా ఉన్నాయి, ఇంకోదానికి భుజాలు వాలిపోయాయి. నిండుగా ఉన్నదాన్ని డీ అనో యూ అనో అంటారు, వాలినదాన్ని సీ అంటారు, మధ్యలో ఇంకా కోసుగా ఉంటే వీ. కాలిపర్స్ కొలిచేది మధ్యలో ఒక్కచోటే. అరచెయ్యి తగిలేది మాత్రం భుజాల మీద. అందుకే కాగితం మీద 21 అని ఉన్న నెక్ 23 ఉన్నదానికంటే లావుగా అనిపించే వీలుంది. కంపెనీల వాళ్లు మందం అంకె ఇస్తారు, వెడల్పు అంకె ఇస్తారు, భుజాల గురించి మాత్రం ఒక అక్షరం వేసి ఊరుకుంటారు. ఒక కంపెనీ సీ, ఇంకో కంపెనీ సీ ఒకటి కానక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అంకెలు చూసి బుక్ చేసేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

మీరూ కొలుచుకోవచ్చు. లేత్ షాపు వాళ్ల దగ్గర కాలిపర్స్ ఉంటుంది. తీగలు వదులు చేసి పక్కకు జరిపి, ఫింగర్‌బోర్డు, అంటే ఫ్రెట్లుండే ముందు పలక, దాని నడుమ నుంచి వెనక వరకు కొలవాలి. ఫ్రెట్ మీద పెట్టి కొలిస్తే మిల్లీమీటరు దాకా ఎక్కువ చూపిస్తుంది. బోర్డుకు కూడా పైన కొంచెం వంపు ఉంటుంది కాబట్టి అంచున కొలిస్తే తక్కువ వస్తుంది. ఎలా కొలిచినా పర్వాలేదు గానీ, పోల్చే రెండు బేస్‌లనూ ఒకే పద్ధతిలో కొలవండి.

సరే, ఇప్పుడు నొప్పి దగ్గరికి వద్దాం. చిటికెనవేలు చాచలేకపోతున్నా అనేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది. మీ బాధకు నెక్ మందానికి సంబంధం చాలా తక్కువ.

మామూలు బేస్‌కు నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు, 864 మిల్లీమీటర్లు. దీన్ని స్కేల్ అంటారు. ఈ లెక్కన మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు దూరం 130 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు అని యూట్యూబ్‌లో నేర్పుతారు కదా, అంటే చూపుడు వేలికీ చిటికెనవేలికీ మధ్య 130 మిల్లీమీటర్లు చాచి, ఆ చాపులోనే నొక్కాలి. అదే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ తీసుకుంటే ఆ దూరం 114కు దిగుతుంది. ఒకటిన్నర సెంటీమీటరు మిగిలింది. ఏ నెక్ మందం తగ్గించినా ఇంత సుఖం రాదు. పాల్ మెకార్ట్‌నీ వాయించే వయొలిన్ ఆకారం హాఫ్‌నర్ బేస్ షార్ట్ స్కేలే. ఫెండర్ 1966లో తెచ్చిన మస్టాంగ్ బేస్ కూడా 30 అంగుళాలే. షార్ట్ స్కేల్ అంటే పిల్లలదనీ, నేర్చుకునేవాళ్లదనీ మన దగ్గర ఒక చిన్నచూపు ఉంది. అది నాకు నచ్చదు.

కొత్త బేస్ కొనకుండా కూడా దారి ఉంది. డబుల్ బేస్ వాళ్లు హెడ్ వైపు పొజిషన్లలో ఒకటి, రెండు, నాలుగు వేళ్లే వాడతారు. ఉంగరం వేలు చిటికెనవేలికి తోడుగా పోతుంది, రెండూ కలిసి ఒక్క స్వరం నొక్కుతాయి. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు ఫ్రెట్ల బదులు మూడు ఫ్రెట్లకే చెయ్యి పరుచుకుని, అవసరమైనప్పుడు చెయ్యి మొత్తం జరుపుతారు. మన క్వయర్ పాటల్లో అంత వేగం ఉండదు, చెయ్యి జరపడానికి కావలసినంత టైముంది. అయిదో ఫ్రెట్ దాటాక ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు పెట్టుకోండి, అప్పుడు దూరాలు తగ్గుతాయి.

భుజం నొప్పి, బొటనవేలి మొదట్లో నొప్పి అనేవాళ్లకు ఇంకో మాట. బేస్ మెడలో వేసుకుని రెండు చేతులూ వదిలేయండి. హెడ్ నేల వైపు దిగిపోతుందా? దిగిపోతే మీ ఎడమచెయ్యి ఇప్పటిదాకా రెండు పనులు చేస్తోందన్నమాట, స్వరం నొక్కడం ఒకటి, బేస్‌ను మోయడం ఒకటి. అలా మోస్తున్న చేతికి ఏ నెక్ అయినా లావుగానే ఉంటుంది. గిబ్సన్ థండర్‌బర్డ్ లాంటి ఆకారాలకు ఈ జబ్బు ఎక్కువ. బాడీ తేలిక, నెక్ బయటికి ఎక్కువ పొడుచుకుని ఉంటుంది. వెడల్పాటి తోలు పట్టీ, లోపలి వైపు గరుకుగా ఉన్నది, భుజాన్ని పట్టుకుని జారనివ్వదు. అది చాలకపోతే తేలికపాటి ట్యూనింగ్ కీలు వేసుకోవచ్చు. నైలాన్ పట్టీ మీద బేస్ వేలాడదీసుకుని నెక్‌ను తిట్టకండి.

పట్టీ పొడవు కూడా చూసుకోండి. స్టేజీ మీద స్టైల్‌గా ఉంటుందని బేస్‌ను మోకాళ్ల దాకా దించుతారు. అప్పుడు మణికట్టు మడతపడుతుంది. మడతపడిన మణికట్టుతో వేళ్లు చాపి చూడండి, ఎంత చాపగలరో మీకే తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని ప్రాక్టీసు చేసేటప్పుడు బేస్ ఎక్కడుంటుందో, నిలబడ్డప్పుడూ అక్కడే ఉండాలి. అందం తగ్గితే తగ్గనీయండి. (నవ్వులు)

ఇప్పుడు మన ఎండల సంగతి. దీన్ని అమెరికా వీడియోల్లో ఎవరూ చెప్పరు. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. షామియానా కింద, పక్కన జనరేటర్, ముందు ఫోకస్ లైట్లు. నెక్ వెనక అద్దంలా మెరిసే గ్లాసీ పాలిష్ ఉంటే, చెమట చెయ్యి దాని మీద అతుక్కుంటుంది. పొజిషన్ మారేటప్పుడు చెయ్యి జారదు, గుంజుకుంటూ పోవాలి. రెండు పాటలు కాగానే "నెక్ లావుగా ఉందిరా" అనిపిస్తుంది. ఇక్కడ అడ్డం పడుతోంది పాలిష్. మెరుపు లేని శాటిన్ ఫినిష్ నెక్ అదే మందంలో ఉన్నా హాయిగా ఉంటుంది. గ్లాసీ ఫినిష్ ఉన్నవాళ్లు నాలుగు సున్నాల నంబరు సన్న స్టీల్ ఊలుతో, అంటే ఇనుప పీచుతో, వెనక వైపు మాత్రం పొడవునా మెల్లగా రుద్దితే మెరుపు పోయి చెయ్యి జారుతుంది. రుద్దే ముందు పికప్పుల మీద టేపు అంటించండి. లోపలి అయస్కాంతాలు ఆ ఇనుప పొడిని లాక్కుంటాయి, తర్వాత వదలవు.

డప్పు వాయించేవాళ్లు వానాకాలం మంట దగ్గర కాచుకోకుండా మొదలుపెట్టరు కదా, చెక్కకూ అలాంటి బాధే ఉంటుంది. వానల్లో తేమ పీల్చుకుంటుంది, ఎండాకాలం ఎండిపోతుంది. నాలుగు తీగలూ కలిపి నెక్‌ను 70 నుంచి 80 కిలోల బలంతో గుంజుతుంటాయి. ఆ గుంజుడుకు ఎదురు నిలిచేది చెక్క, లోపలున్న ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. తేమ మారినప్పుడు ఈ సమతూకం కదులుతుంది. నెక్ ముందుకు వంగితే నడిమి ఫ్రెట్ల దగ్గర తీగలు పైకి లేస్తాయి, నొక్కడానికి బలం కావాలి. ఆ బలం పెట్టేది బొటనవేలు. ఒక కాలంలో హాయిగా ఉన్న బేస్ ఇంకో కాలంలో 'లావెక్కింది' అంటే, లావెక్కింది నెక్ కాదు, పెరిగింది తీగల ఎత్తు.

చూసుకునే పద్ధతి సులువు. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో వేలితో అన్నింటికన్నా లావు తీగను నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడండి. 0.30, 0.35 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత. అసలు దూరకపోతే నెక్ మరీ నిటారుగా ఉంది, లేదంటే వెనక్కి వంగింది, రెండు మూడు కార్డులు దూరితే ముందుకు వంగింది. ట్రస్ రాడ్ తిప్పాలంటే పావు చుట్టు మించొద్దు. తిప్పి, ట్యూన్ చేసి, కాసేపు ఆగి మళ్లీ చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు వైపు 2.4, సన్నం వైపు 2 మిల్లీమీటర్ల చుట్టూ పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది.

చవక బేస్‌లలో ఇంకో దొంగ ఉంటాడు, నట్. గాళ్లు లోతుగా కోయకుండానే అమ్మేస్తారు. మొదటి రెండు ఫ్రెట్లు నొక్కడానికి ప్రాణం పోతుంది, అయిదో ఫ్రెట్ దాటగానే బాగుంటుంది. మూడో ఫ్రెట్ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకు సందు ఎంతుందో చూడండి. కాగితం మందం కన్నా బాగా ఎక్కువుంటే గాడి లోతు చేయించాలి. చిన్న పని, నెక్ మార్చే ఖర్చు మిగులుతుంది.

ఇన్ని చెప్పాక, మందం అసలు లెక్కలోకే రాదా అంటే, వస్తుంది. ధ్వని దగ్గర వస్తుంది, కానీ మనోళ్లు అనుకునే తీరులో కాదు. ఏ చెక్క పట్టీ అయినా వంగకుండా నిలిచే బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. 19.5 నుంచి 21.5కు వెళ్తే, చెక్కా వెడల్పూ అవే అనుకుంటే, బిగువు మూడో వంతు పెరుగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లకు ఇంత బలం ఉంది. పలచటి నెక్‌లు వాతావరణానికి ఎక్కువ ఊగడం, తరచు రాడ్ తిప్పాల్సి రావడం అందుకే. కొన్ని కంపెనీలు లోపల గ్రాఫైట్ పట్టీలు పెట్టేది, నెక్‌ను రెండు మూడు రకాల చెక్కల పట్టీలు అతికించి చేసేది కూడా ఈ బిగువు కోసమే.

ఫెండర్ రకం బేస్‌లలో సన్న తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఎక్కడో ఒకచోట స్వరం చప్పున చచ్చిపోవడం మీరు గమనించే ఉంటారు. తీగ కదలికను నెక్ తన కదలికలోకి లాగేసుకోవడం వల్ల అలా అవుతుంది. నెక్ బరువు, బిగువు మారితే ఆ చోటు జరుగుతుంది. పూర్తిగా పోయేది తక్కువ. "లావు నెక్ అంటే లావు సౌండ్" అనే మాటను మాత్రం నేను నమ్మను. తీగలు మార్చినప్పుడు, వేళ్లు కొట్టే చోటు మారినప్పుడు వచ్చే తేడా ముందు అదెంత? అమెరికా బేస్ వాద్యకారుడు జేమ్స్ జామర్సన్ 1962 ప్రెసిషన్ మీద, పైన నునుపుగా ఉండే లావాటి ఫ్లాట్‌వౌండ్ తీగల మీద, కుడిచేతి ఒక్క వేలితో వాయించాడు. అక్కడివాడే జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బేస్ మీద వాయించాడు. ఇద్దరి నెక్‌లూ వేరు, సరే. కానీ వాళ్లు బేస్‌లు మార్చుకుని వాయించినా ఎవరు ఎవరో గుర్తుపట్టేవాళ్లం అని నా నమ్మకం.

సన్న నెక్ మోజు గురించి కూడా నా అభిప్రాయం చెప్పేస్తా. షాపులో అయిదు నిమిషాలు పట్టుకుంటే సన్న నెక్ ఎప్పుడూ గెలుస్తుంది. సికింద్రాబాద్ దాకా పోయి, పట్టుకోగానే చేతిలో ఇమిడిపోయిందని కొనుక్కొస్తారు. తర్వాత మూడు గంటల పెళ్లి ప్రోగ్రాం వాయిస్తారు. చేతులు పెద్దవైనవాళ్లకు మరీ పలచటి నెక్ మీద అరచెయ్యి ఎక్కువగా ముడుచుకోవాలి. బొటనవేలికి ఆనుకునే చోటు దొరకదు, పిండినట్టు పట్టుకుంటారు. బొటనవేలి మొదట్లో నొప్పి అక్కడ మొదలవుతుంది. అలాంటివాళ్లకు కొంచెం కండపట్టిన నెక్ ఇస్తే నొప్పి తగ్గడం చూశా. కాబట్టి షాపుకు వెళ్తే నిలబడి, పట్టీ వేసుకుని, ఒకే పాట బేస్ లైన్‌ను ఆపకుండా ఒక ఇరవై నిమిషాలు వాయించండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనీయండి, డబ్బు మీది.

చెక్క పేరు వచ్చింది కాబట్టి చిన్న ముచ్చట చెప్పి ప్రశ్నల్లోకి పోదాం. నెక్ మేపుల్ చెక్క అయినా, పైన ఫింగర్‌బోర్డుకు చాలా ఏళ్లు మన ఇండియన్ రోజ్‌వుడ్ వాడారు. అదే మన జిట్రేగి, నల్లమలలో పెరిగే చెట్టే. 2017లో రోజ్‌వుడ్ జాతుల మీద అంతర్జాతీయ వ్యాపార ఆంక్షలు వచ్చాయి. 2019లో తయారైన వాయిద్యాలకు సడలించారు గానీ, ఈలోపు కంపెనీలు వేరే చెక్కలకు మారాయి. కొన్ని చవక బేస్‌ల మీద 'ఇండియన్ లారెల్' అని ఉంటుంది, అది మన నల్లమద్ది. అమ్రాబాద్ వైపు అడవిలో పెరిగే చెట్లే ఎక్కడో ఫ్యాక్టరీ చుట్టి మన చేతికి వస్తున్నాయంటే నాకైతే తమాషాగా ఉంటుంది. చేతికి మాత్రం ఆ బోర్డు చెక్క తేడా దాదాపు తెలియదు.

అడగండి. ఆ, చెల్లె, నువ్వడుగు.

(ఒక యువతి: సార్, నావి చిన్న చేతులు. మా చర్చిలో పాటలు ఎక్కువ ఈ-ఫ్లాట్‌లో, డీలో ఉంటాయి. అయిదు తీగలది కొనమంటున్నారు. నెక్ పట్టుకోగలనా?)

అయిదు తీగల నెక్ నట్ దగ్గర 45 నుంచి 47.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఐబనీజ్ ఎస్ఆర్ రకంలో 45, ఫెండర్ అయిదు తీగల జాజ్‌లో 47.6. ఇక్కడ వెడల్పు నిజంగానే లెక్కకొస్తుంది, ఎందుకంటే లావు తీగ అందాలంటే చెయ్యి చుట్టూ తిరిగి రావాలి. కానీ బొటనవేలు నెక్ పైనుంచి బయటికి రాకుండా వెనక నడిమిలో ఉంచితే చిన్న చేతికి కూడా అందుతుంది. మోహినీ డే అయిదు, ఆరు తీగల బేస్‌లు వాయిస్తుంది, ఆ అమ్మాయి ఎడమచేతి బొటనవేలు ఎక్కడుంటుందో వీడియో ఆపి ఆపి చూడు. నీకు కావలసింది నాలుగు తీగలది మామూలుగా అందుకోలేని కింది డీ, ఈ-ఫ్లాట్ మాత్రమే అయితే ముందు నాలుగు తీగల బేస్‌లోనే లావు తీగను డీకి దించి చూడు. కొంచెం లావు తీగ వేసుకుంటే వదులుగా కొట్టుకోదు. అది చాలకపోతే అప్పుడు అయిదు తీగలది. అయిదు తీగల్లో 35 అంగుళాల స్కేల్ ఉన్నవి కూడా ఉంటాయి, చాపు ఇంకా పెరుగుతుంది. నువ్వు 34 చూసుకో.

పెద్దాయన ఏదో అడుగుతున్నారు.

(ఒక శ్రోత: మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ల దెబ్బ. నా మణికట్టు పూర్తిగా తిరగదు. భజనలో బేస్ వాయించాలని ఉంది.)

కాకా, మన జిల్లా నీళ్ల సంగతి ఇక్కడ తెలియనివాళ్లు లేరు. ముందు డాక్టర్‌కు చూపించి, వాయించొచ్చా అని అడగండి. వాయించొచ్చంటే మీకు సన్న నెక్‌ల వేట అక్కర్లేదు. షార్ట్ స్కేల్ చూడండి, తీగలు సన్న సెట్టు వేయించండి. కూర్చుని వాయించండి. బేస్‌ను ఎడమ తొడ మీద పెట్టి, హెడ్ మీ భుజం ఎత్తుకు వచ్చేలా పైకెత్తి పట్టుకోండి. అలా పట్టుకుంటే మణికట్టు తిరగాల్సింది బాగా తగ్గుతుంది, పనంతా మోచెయ్యి చూసుకుంటుంది. భజనలో మూడు స్వరాలు నిలకడగా వేస్తే చాలు. మీటింగ్ అయ్యాక ఉండండి, నా దగ్గరున్న షార్ట్ స్కేల్ ఒకసారి పట్టుకుని చూద్దురు గాని.

(ఒక యువకుడు: అన్నా, మా ఊళ్లో వడ్రంగితో నెక్ వెనక చిత్రిక పట్టిస్తే సన్నం అవుతుంది కదా?)

అవుతుంది. ఆ తర్వాత కట్టెల పొయ్యిలోకి కూడా పనికొస్తుంది. (నవ్వులు) తమ్ముడూ, లోపల ట్రస్ రాడ్ ఉంది. కొన్ని మేపుల్ నెక్‌లకు వెనక నడిమిలో నల్ల చెక్క గీత కనిపిస్తుంది చూడు, రాడ్‌ను ఆ దారిలోంచే లోపలికి పెట్టి, పైన చెక్క పట్టీతో మూసేస్తారు. నడుమ చెక్క తీశావంటే ఏదో ఒక రోజు రాడ్ బయటికి పొడుచుకొస్తుంది. పైగా ఇందాక చెప్పిన ఘనం లెక్క తిరగబడుతుంది, రెండు మిల్లీమీటర్లు తీస్తే నెక్ బిగువు బాగా పడిపోతుంది. వడ్రంగి తప్పేం లేదు, ఆయనకు ఆ లోపల ఏముందో ఎవరూ చెప్పరు. మరీ తప్పదంటే భుజాల మీద కొంచెం, చాలా కొంచెం తీయించొచ్చు. అది కూడా నెక్‌ల పని తెలిసినవాళ్ల చేత. అంతకన్నా ఆ బేస్ అమ్మేసి ఇంకోటి కొనుక్కోవడం చవక.

కరెంటు పోయేలోపు చూసేద్దాం. ఎవరెవరు బేస్‌లు తెచ్చుకున్నారు? ముందు పట్టీ వేసుకుని నిలబడి రెండు చేతులూ వదలండి, హెడ్ ఎటు పోతుందో చూద్దాం. తర్వాత విజిటింగ్ కార్డుతో సందు చూస్తాం. దానికి తీగలు మామూలు ట్యూనింగ్‌లోనే ఉండాలి, కాబట్టి అప్పుడే ఎవరూ వదులు చేయొద్దు. కాలిపర్స్ పని చివర్లో. మహబూబ్‌నగర్ తమ్ముడూ, నీదే మొదలుపెడదాం, దా.